పాత చిప్, కొత్త తొందర

“నిన్నటిదాకా పనిచేసిన ఏ యంత్రాన్నీ మా మార్పు ఆపదు. ఒకవేళ ఆపితే, ముందు మా మార్పునే వెనక్కి తీసుకుంటాం. మిగతా మాటలన్నీ ఆ తర్వాతే.”

గుంటూరు బ్రాడీపేటలోని తెప్ప సంఘం కార్యాలయం గోడ మీద ఈ మాటలు రాసినవాడు కమలాకర్. ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనది కాదు, మరెవరిదో అయి ఉంటుందని గట్టిగా నమ్మేవాడు కూడా అతనే.

తెప్ప అంటే కంప్యూటర్లను నడిపించే ఒక ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. డబ్బు పోసి కొనుక్కోలేని బడులు, చిన్న ఆసుపత్రులు, గ్రంథాలయాలు దాన్ని వాడుకునేవి. కొందరు ఇంజనీర్లు సంఘంగా ఏర్పడి దాన్ని తయారుచేసేవారు. ‘సాంకేతికత ప్రజలది’ అన్నది వాళ్ల నినాదం. నినాదం మంచిదే. నినాదాలన్నీ మంచివే. వాటి కింద నిలబడే మనుషులతోనే వస్తుంది చిక్కు.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి భాగాన్ని కెర్నెల్ అంటారు. అందులో తాళాల చిప్‌కు సంబంధించిన డ్రైవర్‌ను కమలాకర్ చూసుకునేవాడు. ఈ చిప్ కంప్యూటర్‌లోని సమాచారానికి వేసిన తాళంచెవిని తన కడుపులో దాచుకుంటుంది. ఆన్ చేసినప్పుడు అంతా సవ్యంగా కనిపిస్తే చెవి ఇస్తుంది. దొంగ వచ్చి డిస్క్ ఊడదీసుకుపోయినా వాడికి లోపలి అక్షరం ముక్క దొరకదు. కెర్నెల్‌కూ ఆ చిప్‌కూ మధ్య మాటలు మోసే దుబాసీయే డ్రైవర్.

చిప్‌లకు ఒక అలవాటు ఉంది. పని లేకపోతే నిద్రపోతాయి. లేపితే కొత్తవి చటుక్కున లేస్తాయి. పాతవి ఒళ్లు విరుచుకుని గానీ పలకవు. అందుకని డ్రైవర్ వాటి కోసం ఓపిగ్గా ఆగేది. కమలాకర్‌కు ఆ ఆగడం కంటగింపుగా ఉండేది. విజయవాడలో సంఘం వార్షిక సభ దగ్గరపడుతోంది. ‘వేగమే ప్రగతి’ అని బ్యానర్ కూడా అచ్చయి వచ్చింది. అతను డ్రైవర్ ఆగే సమయాన్ని బాగా కోసేసి, తన కొత్త ల్యాప్‌టాప్ మీద నడిపి చూశాడు. రెప్పపాటులో తెరుచుకుంది.

సంఘంలో ఒక ఆచారం ఉండేది. ఎవరు ఏ మార్పు చేసినా దాన్ని వెనక గదిలో అరల మీదున్న పాత కంప్యూటర్లన్నిటి మీదా నడిపి చూడాలి. ఆ తర్వాతే మార్పు కింద ‘పరీక్షించినవారు’ అన్న చోట పేరు రాయాలి. కమలాకర్ వెనక గది తలుపు కూడా తీయలేదు. పేరు మాత్రం రాసేశాడు.

కొత్త కెర్నెల్‌ను జనంలోకి విడుదల చేసే బాధ్యత దేవసహాయానిది. సంఘం పెట్టిన తొలిరోజుల మనిషి. అందరూ సహాయం అన్నా అని పిలిచేవారు.

“ఏరా, వెనక గదిలో వాటి మీద తిప్పావా?” అని ఆయన అడిగాడు.

“అవెందుకన్నా, మ్యూజియం సరుకు! వాటి దుమ్ము దులిపేసరికి సభ కాస్తా అయిపోతుంది.”

“మనవాళ్ల దగ్గరుండేది ఆ మ్యూజియం సరుకేరా.”

“నా కోడ్ మీద నాకు నమ్మకం ఉందన్నా.”

దేవసహాయం నవ్వి ఊరుకున్నాడు. నవ్వి ఊరుకోవడం కూడా ఒక సంతకమే. కొత్త కెర్నెల్ అప్‌డేట్‌గా ఊళ్లన్నిటికీ వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున ఖమ్మం నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. అక్కడ తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించే చిన్న కేంద్రం ఒకటి ఉంది. విరాళాలతో నడుస్తుంది. దాని కంప్యూటర్లు చూసుకునే నస్రీన్ ఇలా రాసింది: “సార్, అప్‌డేట్ అయినప్పటి నుంచి మా రెండు కంప్యూటర్లూ తెరుచుకోవడం లేదు. చిప్ పలకలేదు అని వస్తోంది. ఏ పిల్లకు ఎలాంటి రక్తం పడుతుందో, ఏది పడదో ఆ వివరాలన్నీ వాటిలోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?”

కమలాకర్ మొదటి రెండు వాక్యాలు చదివాడు. కంప్యూటర్ ఏ కాలం నాటిదో చూశాడు. ఆ కాలం చూడగానే అతనికి జవాబు దొరికిపోయింది.

“మీ చిప్ పాతబడి పాడైంది. సెటప్‌లోకి వెళ్లి చిప్‌ను చెరిపేసి, కొత్తగా మొదలుపెట్టండి. ఇందులో మా లోపం లేదు,” అని రాశాడు. ఫిర్యాదును ‘ముగిసింది’ అని మూసేశాడు. మూసేసిన ఫిర్యాదులో ఎవరు ఏం రాసినా అతనికి కబురు రాదు. అదీ అక్కడి ఏర్పాటు. ప్రజల కోసమని జెండా ఎత్తినవాళ్లకు ప్రజల గొంతు వినబడకుండా తలుపు వేసుకోవడం ఎంత సులువో చూడండి.

చిప్‌ను చెరిపేయడమంటే లోపలి తాళంచెవిని బావిలో పారేయడమే. వేరే చెవి ఏదైనా దాచుకుని ఉంటే నష్టం లేదు. లేకపోతే డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టే ఉంటుంది, మళ్లీ ఎవరికీ కనబడదు. కేంద్రం వాళ్లు తెప్పను పెట్టుకున్న రోజుల్లో వేరే చెవి దాచుకోండి అని అడిగే ఏర్పాటు తెప్పలో లేదు. తర్వాత చేర్చారు. పాతవాళ్లకు చెప్పడం మరిచారు. ఇదంతా కమలాకర్‌కు తెలియనిది కాదు. “మీ దగ్గర ఇంకో చెవి ఉందా?” అని ఒక్క మాట అడగాలని తోచలేదంతే.

అతను టీ తాగి పైకి వచ్చేసరికి తన బల్ల మీద దుమ్ము కొట్టుకుపోయిన ఒక కంప్యూటర్ ఉంది. పక్కన చేతులు దులుపుకుంటూ దేవసహాయం నిలబడి ఉన్నాడు.

“తెనాలి వైపు ఒక గ్రంథాలయం వాళ్లు ఫోన్ చేశార్రా. చిప్ పలకడం లేదంట. ఎందుకైనా మంచిదని వెనక గదిలోంచి దీన్ని తెచ్చి కొత్త కెర్నెల్ ఎక్కించా. ఇదీ పలకడం లేదు.”

“దీని చిప్ కూడా పోయినట్టుంది.”

“పోయిన వారం నేనే ఆన్ చేశా. శుభ్రంగా తెరుచుకుంది. అన్ని ఊళ్లలో చిప్‌లూ కూడబలుక్కుని ఒకే వారం చచ్చిపోతాయా ఏంట్రా?”

కమలాకర్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. “మన కెర్నెల్‌లోనే ఏదో ఉండి ఉంటుంది. నెట్‌వర్క్ వాళ్లు ఈమధ్య చాలా కెలికారు. వాళ్లదే అయి ఉంటుంది,” అన్నాడు.

ఇలాంటప్పుడు కెర్నెల్ పనివాళ్లకు ఒక పద్ధతి ఉంది. పనిచేసిన పాత కెర్నెల్‌ను ఒక చివర, చెడిన కొత్తదాన్ని ఇంకో చివర పెట్టుకుంటారు. మధ్యలో చేరిన మార్పులన్నీ వరసగా ఉంటాయి. సరిగ్గా సగం మార్పుల దాకా కలిపి ఒక కెర్నెల్ తయారుచేసి నడుపుతారు. తెరుచుకుంటే దోషం తర్వాతి సగంలో ఉన్నట్టు. తెరుచుకోకపోతే ముందు సగంలో. దోషం లేని సగాన్ని పక్కన పెట్టి, మిగిలినదాన్ని మళ్లీ సగం చేస్తారు. అలా కోసుకుంటూ పోతే చివరికి ఒక్క మార్పు మిగులుతుంది. ఈ పద్ధతికి మొహమాటం లేదు. పేరు చూడదు, పదవి చూడదు. చట్టం ముందు అందరూ సమానులే అన్న మాట దేశంలో ఎక్కడైనా నిజమైతే, అది ఇక్కడే.

మొదటి సగం కోశారు. పాత కంప్యూటర్ తెరుచుకుంది. దాంతో నెట్‌వర్క్ వాళ్ల మార్పులన్నీ నిర్దోషులై పక్కకు వెళ్లిపోయాయి.

“అయితే తెర బొమ్మల వాళ్లది. నేను ముందే అనుకున్నా,” అన్నాడు కమలాకర్.

“ముందు నెట్‌వర్క్ అనుకున్నావుగా?”

“రెండూ అనుకున్నా.”

మళ్లీ కోశారు. ఈసారి తెరుచుకోలేదు. తర్వాతి సగంలో ఉన్న తెర బొమ్మల వాళ్లూ నిర్దోషులుగా బయటపడ్డారు. ఒక్కొక్క కెర్నెల్ తయారు కావడానికి చాలాసేపు పట్టేది. ఆ సేపంతా కమలాకర్ గోళ్లు కొరుక్కుంటూ మిగిలిన మార్పుల కేసి చూసేవాడు. ప్రతిసారీ అవి తగ్గిపోయేవి. ప్రతిసారీ మిగిలిన వాటిలో తన పేరు ఉండేది. బోనులోంచి ఒక్కొక్కరే చేతులు దులుపుకుని వెళ్లిపోతుంటే, తను ఒక్కడే వెనక మిగిలిపోతున్నట్టు అతనికి అనిపించింది. ‘ఇంకెవరిదైనా కావాలి. ఎవరిదైనా సరే,’ అని లోపల మొక్కుకున్నాడు.

చివరికి ఒక్కటే మిగిలింది. ‘తాళాల చిప్ కోసం ఆగే సమయం తగ్గింపు.’ దాని కింద ‘పరీక్షించినవారు: కమలాకర్.’

కమలాకర్ ఆగే సమయాన్ని మళ్లీ పాత పద్ధతికి మార్చి నడిపాడు. పాత కంప్యూటర్ కాసేపు ఒళ్లు విరుచుకుంది. తర్వాత మర్యాదగా తెరుచుకుంది. దాని చిప్‌కు ఏ జబ్బూ లేదు. దాన్ని లేపి, అది కళ్లు తెరిచేలోపే చచ్చిపోయిందని చెప్పి వెళ్లిపోయాడు డ్రైవర్ రాసిన మనిషి.

“సరేలే, దోషం దొరికింది కదా. ఆ మొహం ఏంట్రా?” అన్నాడు దేవసహాయం.

“అన్నా, ఖమ్మం,” అన్నాడు కమలాకర్. “చిప్ చెరిపేయమన్నాను.”

మూసేసిన ఫిర్యాదును తెరిచాడు. నస్రీన్ రాసినవి అక్కడ ఒకదాని కింద ఒకటి పడి ఉన్నాయి. “సార్, మీరు చెప్పినట్టు ముందరి కంప్యూటర్ చిప్ చెరిపేశాను. ఇప్పుడు డిస్క్ అసలు తెరవనంటోంది. ఇలాగే ఉంటుందా?” దాని కింద, “సార్, ఎవరైనా ఉన్నారా?” ఆ కింద, “డాక్టరమ్మ కంగారు పడుతున్నారు. గురువారం ఒక పాపకు రక్తం ఎక్కించాలి. మీరు చెప్పారు కాబట్టి రెండోది కూడా చెరిపేస్తున్నాను.”

చివరిది వచ్చి ఎంతోసేపు కాలేదు. కింద కేంద్రం ఫోన్ నంబర్ ఉంది. కమలాకర్ ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఎవరో పెద్దాయన ఎత్తాడు.

“ఎవరు మాట్లాడేది?”

“గుంటూరు నుంచండీ. నస్రీన్ గారు ఉన్నారా?”

“ఉన్నది. కంప్యూటర్ల గదిలో పనిలో ఉన్నది. జర ఆగి చెయ్యండి.”

“అయ్యా, పెట్టేయకండి! పరుగెత్తండి! కంప్యూటర్‌ను ముట్టుకోవద్దని చెప్పండి!”

“పరుగెత్తమంటే నా మోకాళ్లు పరుగెత్తొద్దా సారూ? వాచ్‌మన్ కొలువని ఊకే కూసోబెడితే గట్టిపడ్డయ్.”

“అయితే అక్కణ్ణుంచే అరవండి! మీకు దండం పెడతా, అరవండి!”

అవతల పెద్దాయన గొంతెత్తాడు. “నస్రీనమ్మా! ముట్టుకోకు! గుంటూరు నుంచి ఎవరో సారు, ముట్టుకుంటే షాక్ కొడతదంటున్నడు!”

చెప్పుల చప్పుడు వినబడింది. తర్వాత ఒక ఆడగొంతు.

“ఏం సార్, షాకేంది?”

“రెండోది చెరిపేశారా?”

“సెటప్‌లోనే ఉన్నది. ‘నిజంగా చెరిపేయమంటారా’ అని అడుగుతుంది. కొడదామని వేలు పెట్టిన, ఈయన అరిచిండు.”

“కొట్టకండి. దాన్ని పూర్తిగా ఆపేయండి. మళ్లీ ఆన్ చేస్తూనే ఎస్కేప్ కీ నొక్కి పట్టుకోండి. పాత కెర్నెల్ పేరు కనబడుతుంది. దాన్ని ఎంచుకోండి.”

ఫోన్‌లో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడొకటే వినబడింది. కేంద్రానికి వచ్చే పిల్లల వివరాలు మొత్తం ఆ చప్పుడులో వేలాడుతున్నాయి.

“తెరుచుకున్నది సార్,” అంది నస్రీన్. ఆమె గొంతు ఒక్కసారి వదులైంది. వెంటనే బిగుసుకుంది. “ఈ ఒక్క ముక్క పొద్దున్నే చెప్పొచ్చు కదా సార్? గింతే ఉండె కదా?”



“మొదటి కంప్యూటర్ సంగతి...” అని కమలాకర్ నసిగాడు.

“మీరు చెప్పిందే చేసిన. పోయింది. వారానికొకసారి దానిలోవి దీనిలోకి ఎక్కిస్తం. పోయిన వారంవి దాంట్లోనే ఉండిపోయినయ్. అఖిల పరీక్షలు కూడా అందులోనే.”

అఖిల తొమ్మిదేళ్ల పిల్ల. ఇల్లెందు దగ్గరి తండా నుంచి వాళ్లమ్మ సీతాలి తీసుకొచ్చేది. ఎన్నోసార్లు రక్తం ఎక్కించిన ఒళ్లు కాబట్టి, ఆ పిల్ల ఒంటికి ఇప్పుడు ఎవరి రక్తం పడితే వాళ్లది పడదు. గ్రూపు కలిసినా సరే, లోపల ఇంకా కొన్ని కలవాలి. కొత్తగా ఏమేం పడడం లేదో పోయిన వారమే తేలింది. తేలినది చెరిగిన కంప్యూటర్‌లో ఉంది. దాని కాగితం వేరే ఎక్కడా దాచలేదు కాబట్టి నమూనా మళ్లీ హైదరాబాద్‌కు పంపాలి. ఫలితం వచ్చేదాకా ఆ పిల్లకు రక్తం ఎక్కించడానికి లేదు.

శుక్రవారం కమలాకర్ బస్సెక్కి ఖమ్మం వెళ్లాడు. ఎవరూ రమ్మనలేదు. ఇంట్లో కూర్చోలేక వెళ్లాడు. దారి పొడవునా అతనికి ఒకటే భయం. ఫలితం ఆలస్యమైతే? ఈలోగా ఆ పిల్లకు ఏమైనా అయితే? కిటికీ బయట మిరప కళ్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. అతను ఆ ఎరుపు వైపు చూడలేకపోయాడు.

కేంద్రంలో నస్రీన్ అతన్ని చూసి పలకరింపుగా తల ఊపింది. కుర్చీ చూపించలేదు. రెండో కంప్యూటర్‌లో ఉన్నవన్నీ వేరే డిస్క్‌లోకి ఎక్కించడం, ఇంకో తాళంచెవి తయారుచేసి ఆమె చేతికివ్వడం అతని వంతు అయింది. ఆ పని మధ్యలో వరండాలోకి వచ్చాడు. బెంచీ మీద ఒక పిల్ల తల్లి ఒళ్లో తల పెట్టుకుని పడుకుని ఉంది. పెదవులు తెల్లగా ఉన్నాయి. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసపడుతోంది.

“అమ్మా, ఇంక ఎంతసేపే?” అని అడిగింది.

“వస్తది బిడ్డా,” అంది సీతాలి. తర్వాత కమలాకర్ వైపు చూసింది. “సారూ, నువ్వు కంప్యూటర్లు బాగుచేసేటోనివంట కదా. నిన్న అయిపోవాల్సిన పని ఇంకా కాకపాయె. కంప్యూటర్ ఖరాబైందన్నరు. నిజమేనా?”

అవునని చెబితే అయిపోయేది. పాత కంప్యూటర్, పాత చిప్ అని చెబితే ఆమె నమ్మేది. ఈ దేశంలో పేదవాళ్లు ఏ కిటికీ దగ్గర నిలబడినా అదే మాట చెప్పి పంపించేస్తారు కదా. అతని నోట్లో ఆ మాట తయారుగానే ఉంది. ఇన్నాళ్లూ అదే మాటతో బతికాడు.

“కంప్యూటర్ మంచిదేనమ్మా,” అన్నాడు. “ఖరాబు చేసింది నేను.”

సీతాలి అతన్ని ఎగాదిగా చూసింది. తిట్టలేదు. కొంచెం జరిగి బెంచీ మీద చోటు చేసింది. “అయితే ఈడనే కూసో,” అంది. “రక్తం వచ్చేదాక మాతోనే కూసో. ఎట్లుంటదో తెలుస్తది.”

అతను కూర్చున్నాడు. ఫోన్ మోగినప్పుడల్లా ముగ్గురూ తలెత్తేవారు. హైదరాబాద్ కబురు శనివారం వచ్చింది. సరిపడే రక్తం ఆదివారం దొరికింది. సూది గుచ్చాక అఖిల బుగ్గల్లోకి మెల్లగా రంగు వచ్చేదాకా కమలాకర్ ఆ గది గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ పిల్ల బతికింది. అది అతని గొప్ప కాదు. వాచ్‌మన్ గొంతు పెద్దది కాబట్టి మిగతా పిల్లల వివరాలు దక్కాయి. రక్తం దొరికింది కాబట్టి ఈ పిల్ల దక్కింది.

గుంటూరు తిరిగి వచ్చేసరికి దేవసహాయం ఒక ప్రకటన తయారుచేసి ఉంచాడు. ‘కొన్ని పాత చిప్‌లలోని లోపం కారణంగా అక్కడక్కడ ఇబ్బంది కలుగుతున్నట్టు మా దృష్టికి వచ్చింది.’

“పాత చిప్‌లలో లోపమేంటన్నా? లోపం నా మార్పుది. నేను సరిచేసిన కెర్నెల్ ఎందుకు విడుదల చేయలేదు?”

“సభ అవ్వనీరా. వేగం గురించి ఊరంతా చాటాం. ఇప్పుడు వెనక్కి తీసుకున్నామంటే నవ్వరా? నాలుగు పాత డబ్బాల కోసం సంఘం పరువు తీసుకుంటామా?”

“మనవాళ్ల దగ్గరుండేవి ఆ డబ్బాలే అన్నా.”

“నీ తప్పునే కదరా నేను కప్పేది! నీ మీద నీకంత కోపమేంటి?”

“కప్పొద్దు. దాని కింద మనుషులున్నారు.”

దేవసహాయం తల తిప్పుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. చప్పట్లు కొట్టించుకోవలసిన రోజు దగ్గర పడుతుంటే మంచివాళ్లు కూడా తల తిప్పుకుంటారు. మౌనం ఎప్పుడూ బలవంతుడి పక్షమే నిలబడుతుంది.

విడుదల చేసే అధికారం కమలాకర్‌కు లేదు. ఫిర్యాదు చేసినవాళ్లందరికీ తనే ఫోన్ చేసి, పాత కెర్నెల్ ఎలా తెరవాలో చెప్పాడు. చిప్‌ను మాత్రం చెరిపేయొద్దని బతిమాలాడు. కానీ ఫిర్యాదు చేయడం తెలియనివాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో, ఎవరి వేలు ఏ కీ మీద ఉందో అతనికి తెలియదు. ఆ ఆలోచనే అతన్ని నిద్రపోనివ్వలేదు.

చివరికి సంఘ సభ్యులందరికీ ఒకే ఉత్తరం పంపాడు. తన మార్పు ఎందుకు చేశాడో, పాతవాటి మీద పరీక్షించకుండానే పేరు ఎలా పెట్టాడో, ఖమ్మంలో ఏం జరిగిందో దాచకుండా రాశాడు. చివర ఇలా అడిగాడు: “చెడిన కెర్నెల్‌ను ఉపసంహరించి, తప్పు మనదని వాడుకరులందరికీ చెబుతారా, చెప్పరా? అవునో కాదో, పేర్లతో సహా, సభకు ముందే, ఫిబ్రవరి పన్నెండో తేదీ సాయంత్రంలోగా నాకు జవాబు కావాలి.”

ఆ జవాబులు ఎలా వచ్చినా, ఎవరైనా వచ్చి ‘మాది చెడిపోయింది’ అని చెప్పినప్పుడు, వాళ్ల వస్తువును తప్పుపట్టే ముందు మన చేతిపనిని అనుమానించాలి. తప్పు మనదేనని తేలితే, దిద్దుకోవడానికి మంచిరోజు కోసం ఎదురుచూడకూడదు.